జైలు వ్యాపారికి, వైద్యం బాధితుడికి

గంజాయి పీల్చినవాడిని జైల్లో పెట్టినంత మాత్రాన గంజాయి తగ్గదు. హక్కుల సంఘాలు ఎప్పటినుంచో అంటున్న ఈ మాటను ఇప్పుడు పోలీసులు తమ పనితీరుతో ఒప్పుకొంటున్నారు. 2025 జులైలో హైదరాబాద్ గచ్చిబౌలిలో తెలంగాణ మత్తుపదార్థాల నిరోధక విభాగం 'ఈగల్' సిబ్బంది మాటువేసి, గంజాయి కొనడానికి వచ్చిన 14 మందిని పట్టుకున్నారు. వారిలో ఐటీ ఉద్యోగులున్నారు, నాలుగేళ్ల బిడ్డను వెంటబెట్టుకొచ్చిన దంపతులున్నారు. కిట్లతో మూత్ర పరీక్షలు చేసి, మత్తు తీసుకున్నట్టు తేలినవారిని డీఅడిక్షన్ కేంద్రానికి పంపారు. ఇదే నగరంలో 2021 అక్టోబరులో పోలీసులు రోడ్డు మీద బైకులు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు చేతిలోకి తీసుకుని, వాట్సాప్‌లో 'గంజాయి' అని కొట్టి వెతికారు. నాలుగేళ్లలో ఇంత తేడా వచ్చిందంటే అది అనుభవం నేర్పిన పాఠమే. అయితే అధికారి మారితే మారిపోయే విధానం ప్రజలకు భరోసా ఇవ్వదు. దాన్ని చట్టంలో రాయాలి.

ఇప్పుడున్న చట్టం ఏం చెబుతోంది? 1985 నాటి మత్తుపదార్థాల నిరోధక ఎన్‌డీపీఎస్ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం గంజాయి పీల్చడమే నేరం, ఆరు నెలల దాకా జైలు. జేబులో కిలోలోపు దొరికితే 20వ సెక్షన్ కింద ఏడాది దాకా శిక్ష. 64ఏ సెక్షన్ కొంత వెసులుబాటు ఇచ్చింది. వ్యసనపరుడు తనంతట తాను వైద్యానికి ముందుకొస్తే అతన్ని ప్రాసిక్యూట్ చేయరు. కానీ స్నేహితుల బలవంతంతో ఒకటి రెండుసార్లు పీల్చిన కుర్రాడు వ్యసనపరుడు కాడు కనుక అతనికి ఈ రక్షణ వర్తించదు. ముదిరిన వ్యసనానికి మినహాయింపు, మొదటి తప్పుకు కేసు! గచ్చిబౌలి ఉద్యోగికి దొరికిన అవకాశం నగర శివారులోని బాలాపూర్ బస్తీలో కూలి పనికి వెళ్లే యువకుడికీ దొరుకుతుందన్న హామీ ఏ సెక్షన్‌లోనూ లేదు. వ్యక్తిగత వాడకాన్ని నేరాల జాబితా నుంచి తప్పించాలని 2021లో కేంద్ర సామాజిక న్యాయ శాఖే రెవెన్యూ శాఖకు సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఇంతవరకూ చట్టం కాలేదు.

చిన్న కేసుల వల్ల పెద్ద దొంగలకే మేలు. పొట్లం గంజాయి దొరికినా పంచనామా రాయాలి, నమూనా ల్యాబుకు పంపాలి, ఛార్జిషీటు వేయాలి, వాయిదాలకు తిరగాలి. అదే సిబ్బంది కాపు కాయాల్సిన దారులు వేరే ఉన్నాయి. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే సరుకు హైవేలు పట్టుకుని ఔటర్ రింగురోడ్డు మీదుగా మహారాష్ట్రకు, కర్ణాటకకు పోతోంది. బ్యాంకాక్ నుంచి వచ్చే హైడ్రోపోనిక్ గంజాయి శంషాబాద్ విమానాశ్రయంలో పదేపదే పట్టుబడుతోంది. ఈ రెండు దారులకూ చేరువలో ఉన్న బాలాపూర్ లాంటి శివారు ఠాణాల శ్రమ పీల్చేవాడి వెంటపడటానికి ఖర్చయితే, పంపేవాడు నిశ్చింతగా ఉంటాడు. పైగా ఈ చట్టం కింద దర్యాప్తు చేసే అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. ఇక డబ్బు జాడ పట్టుకుని మూలానికి వెళ్లే దర్యాప్తే కావాలి. దానికి మనుషులు, సమయం కావాలి.

పోలీసులే సంస్కరణకు దారి చూపడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మన న్యాయచరిత్ర తెలిసినవారికి ఇందులో వింత లేదు. 1979లో బిహార్ జైళ్లలో విచారణ లేకుండా మగ్గుతున్నవారి గురించి పత్రికలో రాసింది మాజీ పోలీసు అధికారి రుస్తుంజీ. ఆ వ్యాసాల నుంచే హుస్సేనారా ఖాతూన్ కేసు పుట్టింది, వేలమందికి విముక్తి దొరికింది. పోలీసు సంస్కరణలపై 2006 నాటి సుప్రీంకోర్టు తీర్పు మాజీ డీజీపీ ప్రకాశ్ సింగ్ వేసిన పిటిషన్ ఫలితం. అమెరికాలో మాజీ పోలీసులు 2002లో మత్తు నిషేధ విధానానికి వ్యతిరేకంగా సంస్థనే పెట్టారు. బ్రిటన్‌లోని డరమ్ పోలీసులు 2015 నుంచి, కోర్టుకు ఈడ్చే బదులు నిందితులతో నాలుగు నెలల ఒప్పందం రాయించుకుని దారి మళ్లిస్తున్నారు. వ్యవస్థలో లోపం ముందుగా కనబడేది దాన్ని రోజూ నడిపేవాడికే.

అభ్యంతరాలూ ఉన్నాయి. భయం పోతే యువత చెయ్యిదాటిపోతుందన్నది తల్లిదండ్రుల ఆందోళన. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2021లో స్వల్ప మొత్తంలో మత్తు ఉంచుకున్నవారికి జైలు శిక్షలు ఎత్తేసి, 2024లో మళ్లీ తెచ్చుకుంది. శిక్ష పోయింది గానీ వైద్యం వేళకు అందలేదు. అదే 2001లో ఇలాంటి సడలింపు మొదలుపెట్టిన పోర్చుగల్, అమ్మకాన్ని నేరంగానే ఉంచి, వాడినవారిని ఆరోగ్య శాఖ పరిధిలోని కమిషన్ల ముందు నిలబెట్టింది. ఆ విధానం నేటికీ నడుస్తోంది. కాబట్టి ముందు వైద్యం, ఆ వెంటే సడలింపు. మన దగ్గర కొరత ఉన్నదే అక్కడ. నిషిద్ధ మత్తుపదార్థాలకు బానిసలైనవారిలో ఇరవైమందికి ఒక్కరికే ఆసుపత్రిలో చేరి చికిత్స పొందే వీలు దొరికిందని 2019 జాతీయ సర్వే చెప్పింది. పీల్చేవాడిపై కేసు లేకపోతే అమ్మేవాడి ఆచూకీ ఎలా తెలుస్తుందని మరో ప్రశ్న. జైలు భయం లేని కుటుంబమే 'ఈగల్' టోల్‌ఫ్రీ నంబరు 1908కి ధైర్యంగా ఫోన్ చేస్తుంది.

అందుకే కేంద్రం 20, 27 సెక్షన్లను సవరించి, వాడకానికీ వ్యక్తిగత వాడకానికి ఉంచుకున్న స్వల్ప పరిమాణానికీ జైలు తీసేయాలి. 64ఏ రక్షణను మొదటిసారి పట్టుబడిన ప్రతి ఒక్కరికీ వర్తింపజేయాలి. పార్లమెంటు కదిలేదాకా రాష్ట్ర ప్రభుత్వం ఊరుకోనక్కర్లేదు. ఎవరిని వైద్యానికి పంపాలో, ఎవరిపై కేసు పెట్టాలో లిఖిత మార్గదర్శకాలు ఇవ్వాలి. బాలాపూర్ వాసి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం దాకా పోనక్కర్లేకుండా ప్రతి ఏరియా ఆసుపత్రిలో డీఅడిక్షన్ విభాగం తెరవాలి. టన్నులకొద్దీ తరలించేవాడి విషయంలో మాత్రం చట్టం ఇప్పుడున్నంత కఠినంగానే ఉండాలి. పోలీసులు తమ వంతు అడుగు వేశారు. శాసనకర్తలు ఇక ఆలస్యం చేయకూడదు.