యంత్రమునకు సారథి యెవ్వడు?

ప్రభుత్వమే యజమాని యైనచోట పనివాని స్థితి తక్కిన యజమానులకు మేలుబంతి కావలయును. ఇది యెల్లరు నంగీకరించు ధర్మమే. కాని యా ధర్మము గిడ్డంగి తలుపు దాటి లోనికి ఎంతవరకు పోయినదో ధాన్యపు నిలువల సంగతి విచారించిన తెలియగలదు. 1965లో నెలకొన్న ఫుడ్ కార్పొరేషన్ గిడ్డంగులలో బస్తా మోయుచున్నది నేటికిని ముఖ్యముగా హమాలీ వీపే.

శాంతకుమార్ గారి అధ్యక్షతను 2014లో ఏర్పడిన సంఘము 2015 జనవరిలో సమర్పించిన నివేదికను చూడుడు. నాడు కార్పొరేషనునకు స్వంత కార్మికులు సుమారు 16,000 మంది. నేరుగా కూలి పొందువారు సుమారు 26,000 మంది. కాంట్రాక్టు కూలీలు సుమారు లక్ష మంది. మొదటి తరగతివానికై నెలకు 79,500 రూపాయలును, రెండవవానికై 26,000ను, మూడవవానికై సుమారు 10,000ను వ్యయమగుచుండెను. 2014 ఆగస్టులో 300 మందికి పైగా బకాయిలతో కలిపి 4 లక్షలకు మించి పొందిరని విని లోకము ముక్కుమీద వేలు వేసికొనెను. ఆ లక్షమంది మాట తలచినవా రరుదు. బస్తా యొక్కటే, బరువొక్కటే, చెమట యొక్కటే. వెల మాత్రము మూడు విధములు!

ఇట్టిచోటికి ఫోర్క్‌లిఫ్టు బండి వచ్చుట శుభమే. ఒక పురుషుడు మోయు బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసినది. మన బస్తా 50 కిలోలు; లెక్కకు లోబడియే యున్నది. కాని నడుము విరుగునది యొక బస్తాతో గాదు, దినమెల్ల మోయు బస్తాల సంఖ్యతో. వ్యాగనులు అర్ధరాత్రమున వచ్చినను గడువులోపల దింపవలెను. లేనిచో రైల్వేకు డెమరేజి చెల్లింపవలెను. ఆ తొందర యంతయు హమాలీ వీపుమీదనే పడును. కావున యంత్రము వలదని మేమనము. దానిని నడుపువా డెవ్వడని మాత్రమే యడుగుచున్నాము.

ఇట్టి కొలువులకు సాధారణముగా బడి సర్టిఫికెట్టు, మోటారు లైసెన్సు, కొన్నియేండ్ల అనుభవము కోరుదురు. ఇరువదియేండ్లు బస్తాలు మోసినవానికి వీనిలో నేదియు నుండదు. అతడు వాకిటనే నిలిచిపోవును. కాని కారు నడుపుటయు, ఫోర్క్‌లిఫ్టు నడుపుటయు నొకటి గాదు. ఈ బండి వెనుక చక్రములతో మలుపు తిరుగును. ముందరి బరువును వెనుకనున్న బరువు నిలుపుచుండును. సరకు పైకెత్తి వేగముగా మలుపు తిప్పినచో బండి యొరిగి సారథి ప్రాణమే పోవచ్చును. కారు లైసెన్సు దీనిని నేర్పదు. హమాలీకో, నిట్ట యెట్లు పేర్చవలెనో, ఎప్పుడొరుగునో కరతలామలకము.

చదువురానివాడు బండిపై వ్రాసియున్న బరువు పరిమితి నెట్లు తెలిసికొనునని కొంద రందురు. న్యాయమైన ప్రశ్నయే. అంకెలు నేర్పవచ్చును, ఇరువదియేండ్ల అనుభవమును నేర్పజాలము.

అమెరికా దేశపు నిబంధనలను చూడుడు. అచటి కార్మిక రక్షణ శాఖ 1998లో సవరించిన నియమములు పాఠశాల పట్టాను కోరవు. బోధన, అభ్యాసము, పనిచేయుచుండగా పరీక్ష, ఈ మూడును కోరును. మూడేండ్ల కొకమారైనను పనితీరును మరల పరీక్షింప వలయును. 18 ఏండ్లు నిండనివానిని ఆ బండి యెక్కనీయరు. నేర్పు భారము యజమానిదే గాని పనివానిది గాదు. ధనబలము గల దేశమే యిట్లు విధించుకొనగా మనకు వెనుదీయ నేల?

కావున ప్రభుత్వమును మేము కోరునవి అయిదే. యంత్రము వచ్చు ప్రతి గిడ్డంగిలోను అచటి హమాలీలకే మొదట, వారి భాషలో, కూలి తగ్గింపక శిక్షణ నీయవలెను. సర్టిఫికెట్టు బదులు చేతిపని పరీక్షయే అర్హత కావలెను. డీజిలుబండి పొగయు, పురుగుమందు వాయువును మూసిన గిడ్డంగిలో ప్రాణాంతకములు గనుక గాలిని పరీక్షించిన పిదపనే మనుష్యులను లోనికి పంపవలెను. బండిదారిని కాలిదారిని వేరు చేయవలెను. కాంట్రాక్టు పేర కూలిని కోయుట మానవలెను.

దేశమునకు అన్నము నిలువచేయు చోట, దానిని మోసినవాని కుటుంబము పస్తుండుట కంటె సిగ్గుచేటు వేరొండు లేదు. యంత్రము వచ్చినదని హమాలీని వెలివేయక, దాని పీఠముపై నాతనినే కూర్చుండబెట్టుడు.