ముందు పుస్తకం, తరువాత తరగతి

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలిసింది. అంతకుముందే, 1917లో, పాఠ్యగ్రంథాల అనువాదానికి దారుల్ తర్జుమా ఏర్పడింది. విద్యార్థి గడప తొక్కేనాటికి అతనికి తెలిసిన భాషలో శాస్త్రగ్రంథం సిద్ధంగా ఉండాలన్నదే ఆ ప్రణాళిక. మరి నేడో? ప్రవేశం, ఫీజు, పాఠం, పరీక్ష అన్నీ కంప్యూటర్ తెర మీదికి చేరాయి. ఆ తెర ఏ భాషలో ఉండాలి, ఇంటికొక్క ఫోనే ఉన్న అక్కాచెల్లెళ్లు ఎలా చదువుకోవాలి అని ఆలోచించినవారెవరు? యంత్రాలు కొన్నంత మాత్రాన ప్రణాళిక అయిపోదు. ఎవరు వెనుకబడతారో ముందే లెక్కించాలి. ఆ లెక్క వేసే సంఘాల్లో మన అధ్యాపకులకూ, విద్యార్థినులకూ స్థానం దక్కడం హక్కు. ‘మీ సాంకేతిక సంఘంలో ఎవరెవరున్నారు?’ అని ప్రతి కళాశాలనూ లిఖితపూర్వకంగా అడుగుదాం.