వేగం కావాలా? ముందు మెల్లగా పరుగెత్తండి!

ఈ వారం వంటల సంగతి కాస్త పక్కన పెట్టి పరుగు గురించి రాస్తున్నాను. నవ్వకండి! నలభై దాటాక పరుగులేమిటే అని మా అత్తయ్యగారు కూడా నవ్వారు. కానీ ఈమధ్య ఉత్తరాలు రాసే సోదరీమణుల్లో కొందరు "నడక నుంచి పరుగులోకి వచ్చాం, నెలలు గడుస్తున్నా వేగం మాత్రం రావడం లేదండీ" అంటున్నారు. నా కథా అచ్చం అదే. నేను పడిన పాట్లు చెబితే మీకు కొన్నయినా తప్పుతాయి కదా!

2023 సంక్రాంతి వెళ్ళాక మా అమ్మాయి పట్టుబట్టింది. "అమ్మా, నవంబరులో నేవీ మారథాన్ ఉంటుంది. అందులో పది కిలోమీటర్ల పరుగు మనిద్దరం కలిసి పరుగెడదాం" అంది. సరేనన్నాను. రోజూ తెల్లవారుజామున విశాఖపట్నం బీచ్ రోడ్డుకి వెళ్ళి, సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టి పరుగెత్తేదాన్ని. మొదటి నెలలో ఐదు కిలోమీటర్లకి 44 నిమిషాలు పట్టింది. నిన్నటికంటే ఈరోజు ఒక్క నిమిషమైనా తగ్గాలని రోజూ ప్రాణం పెట్టి పరుగెత్తేదాన్ని. రెండు నెలలయ్యేసరికి 42 నిమిషాలకి వచ్చి అక్కడే ఆగిపోయాను. పైగా మోకాలి కింద ముందు ఎముక పొడవునా ఒకటే సలుపు. మెట్లెక్కాలంటే ఏడుపొచ్చేది.

మా వీధిలోనే రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన ఉన్నారు. నేను కుంటుకుంటూ రావడం చూసి "ఏమ్మా, రోజూ పరీక్షే రాస్తున్నావు గానీ చదువు ఎప్పుడు చదువుతావు?" అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు.

రోజూ పూర్తి వేగంతో పరుగెత్తితే ఒంటికి కోలుకునే వ్యవధి ఉండదట. మెల్లగా ఎక్కువసేపు పరుగెత్తితే గుండె ఒక్కో కొట్టుకోడంలో ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది. కాలి కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది గానీ ఎముకలూ, కీళ్ళని పట్టి ఉంచే స్నాయువులూ గట్టిపడటానికి నెలలు కావాలి. ఆ తేడా తెలియకే నాలాంటివాళ్ళకి నొప్పులు వస్తాయి.

న్యూజిలాండులో ఆర్థర్ లిడియార్డ్ అని ఒక కోచ్ ఉండేవారట. బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసుకునే మనిషి. ఆయన తయారుచేసిన పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలో 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు గెలిచారు. రెండు నిమిషాల్లోపు అయిపోయే పరుగు స్నెల్‌ది. అతని చేత కూడా ఆయన వారానికి వంద మైళ్ళు పరుగెత్తించేవారు. ముందు పునాది, తర్వాతే వేగం అన్నది ఆయన పద్ధతి. "వాళ్ళకే పునాది కావలసి వచ్చిందమ్మా, నీకు వద్దా?" అన్నారు మాస్టారు.

నొప్పి తగ్గేదాకా రెండు వారాలు నడక మాత్రమే నడిచాను. ఆ తర్వాత మాస్టారు వేసి ఇచ్చిన పట్టిక ఇది.

మంగళవారం: అరగంట మెల్లని పరుగు. ఎంత మెల్లగా అంటే పక్కనున్నావిడతో నిన్నటి కూర సంగతి ఆగకుండా చెప్పగలగాలి. మాట తెగిందంటే వేగం ఎక్కువైందని గుర్తు. మొదట్లో రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున చేసినా తప్పులేదు.

గురువారం: పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కాక, ఒక లైటు స్తంభం నుంచి తర్వాతి స్తంభం దాకా చురుగ్గా, ఆ తర్వాత రెండు స్తంభాల దూరం మెల్లగా. ఇలా ఆరుసార్లతో మొదలుపెట్టి నెమ్మదిగా పదికి పెంచాలి. దీన్ని స్వీడన్ దేశంలో 1930లలో కనిపెట్టారట. ఫార్ట్‌లెక్ అంటారు, అంటే వేగంతో ఆట. వారానికి ఒక్కసారి చాలు.

ఆదివారం: పొడుగు పరుగు, అదీ మెల్లగానే. మొదట నాలుగు కిలోమీటర్లు. వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోవాలి. నాలుగో వారం మాత్రం తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వాలి.

మిగతా రోజుల్లో నడక. రెండు రోజులు గుంజీళ్ళు పదిహేను, మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించడం పదిహేను. చిన్నప్పుడు బడిలో శిక్షగా తీసిన గుంజీళ్ళు ఇప్పుడు మోకాళ్ళకి రక్ష అవుతాయని ఎవరనుకున్నారు?

ఇంకొక్క మాట. వేగం కోసం కాళ్ళు బారలు చాపకండి. పాదం ఒంటికి బాగా ముందుకి పడితే ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టే. అడుగులు చిన్నవిగా, చకచకా పడాలి.

ఇలా ఆరు వారాలు చేశాను. కాలినొప్పి పోయింది. కానీ వేగం మాత్రం వీసమెత్తు పెరగలేదు! మెల్లగా పరుగెత్తినా గుండె దడదడ. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్ళు మూతలు పడేవి. వయసు అనుకున్నాను, బద్ధకం అనుకున్నాను. మాస్టారి భార్య నన్ను పక్కకి పిలిచి, "నెలసరి ఎక్కువగా అవుతోందా తల్లీ? కనురెప్ప కింద తెల్లగా ఉంది. ఒకసారి రక్తం పరీక్ష చేయించుకో" అన్నారు.

చేయించుకుంటే హిమోగ్లోబిన్ 9.4! ఆడవాళ్ళకి 12 కంటే తగ్గకూడదు. ఊపిరితిత్తుల నుంచి కండరాలకి ప్రాణవాయువుని మోసేది హిమోగ్లోబినే. మోసేవాళ్ళే తక్కువైతే కాళ్ళు ఎంత సాధన చేసి ఏం లాభం? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఈ పేజీ చదువుతున్న మనలో సగం మందికి ఉన్నా ఆశ్చర్యం లేదు.

డాక్టరమ్మ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో మీరు ఎప్పుడు తింటారు?" అని. జవాబు చెప్పడానికి సిగ్గేసింది. అందరికీ వడ్డించాక, గిన్నె అడుగున మిగిలిన పులుసుతోనే నా భోజనం. ఆకుకూర వండేది నేనే, తినేది అందరూ. పైగా తిన్న వెంటనే గ్లాసెడు టీ. ఆ టీ వల్ల తిన్న కాస్త ఇనుము కూడా ఒంటికి సరిగా పట్టదట.

నెలసరి ఎక్కువ కావడానికి వేరే కారణం ఉందేమోనని స్కానింగ్ చేయించారు. ఐరన్ మాత్రలు రాశారు. పాలతో, టీతో వేసుకోవద్దన్నారు. మలం నల్లగా అయితే భయపడొద్దన్నారు. నేను ఇంట్లో చేసుకున్న మార్పులు నాలుగే: టీ భోజనానికి గంట దూరం, పప్పు, తోటకూర, శనగల్లోకి తప్పకుండా నిమ్మరసం గానీ ఉసిరి పచ్చడి గానీ, వారానికి రెండుసార్లు మాంసమో చేపలో, అన్నిటికంటే ముఖ్యం, వడ్డించేటప్పుడే నా కంచంలో నా కూర వేసేసుకోవడం. మొదటిరోజు అత్తయ్యగారు వింతగా చూశారు. నాలుగోరోజు నుంచి ఆవిడే "నీకు వేసుకున్నావా?" అని అడగడం మొదలుపెట్టారు.

మూడు నెలలకి హిమోగ్లోబిన్ 12 దాటింది. పట్టిక అదే, రోడ్డూ అదే. సెప్టెంబరులో ఐదు కిలోమీటర్లు 36 నిమిషాల్లో వచ్చాను! నవంబరులో పది కిలోమీటర్లు 1 గంట 18 నిమిషాలు. మా అమ్మాయి నాకంటే ముందే చేరిపోయి, నాకోసం మళ్ళీ వెనక్కి నడిచొచ్చింది.

కనుక సోదరీమణులారా, పరుగు మొదలుపెట్టేవారు మంచి బూట్లు కొనుక్కోండి. షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడగండి. పరుగులో ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం వస్తే వెంటనే ఆగిపోండి. రెండు మూడు నెలలు మెల్లగా, ఓపిగ్గా చేసినా వేగం రాకపోతే మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా ఒక్కసారి రక్తం పరీక్ష చేయించుకోండి. పరుగెత్తనివాళ్ళు కూడా!

అన్నట్టు, ఈరోజు మీ కంచంలో కూర వేసుకున్నారా?