శ్రమదానం ఒక్కనాటి పని కాదు

నల్గొండ జిల్లా బోరునీళ్లలోని ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. కాచితే పోదు సరికదా, నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏళ్లతరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా నీటిని ఊళ్లకు చేర్చింది. కాని కుళాయి రానినాడు బిందెలు మళ్లీ బోరు దగ్గరికే పోతాయి.

నాగపూర్ పరిశోధకులు 1970 దశకంలో రూపొందించి ఈ జిల్లా పేరే పెట్టిన పద్ధతికి కావలసింది పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. నీరు పరీక్షించి, తగు పాళ్లలో కలిపి, గంటసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. పైతేట తాగవచ్చు.

యువకులు శ్రమదానంతో ఇందుకు తొట్టి కట్టడం మెచ్చదగినదే. కొబ్బరికాయ కొట్టేనాడు పలుగు పట్టడానికి అందరూ వస్తారు, ఫొటో తీస్తారు గదా! మూడో నెలలో మడ్డి ఎత్తేదెవరు? పటిక నిండుకుంటే తెచ్చేదెవరు? పునాది తీయకముందే వాడవాడకూ వంతులు రాసి పంచాయతీ గోడకు అంటించాలి. ఎత్తిన మడ్డిని బావిగట్టున పోయరాదు. నీటినుంచి తీసిన ఫ్లోరైడు అంతా అందులోనే ఉంటుంది.