ఆ చిన్న గీతకు అర మార్కా?



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు స్పానిష్ ఆన్సర్ షీట్ నా ముందు పెట్టి, "స్పెల్లింగ్ అంతా కరెక్టే కదా మేడమ్, ‘ఓ’ మీద గీత లేదని అర మార్కు కోస్తారా?" అన్నారు. వెనకాల క్యూ పెద్దది, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

పాప రాయాల్సింది ‘అతను పాడాడు’ అని. స్పానిష్‌లో ‘కాంతో’. ఇందులో ‘తో’ని నొక్కి పలకాలి, అందుకే ఆ ‘ఓ’ మీద గీత. గీత తీసేస్తే నొక్కు ‘కాం’ మీదికి వెళ్తుంది, అర్థం ‘నేను పాడతాను’ అయిపోతుంది. మనిషీ మారాడు, కాలమూ మారింది. దాన్ని స్పెల్లింగ్ తప్పు అని వదిలేయడానికి నాకు మనసొప్పదు.

రూల్ చిన్నదే. మాట అచ్చుతోగానీ, న్, స్‌లతోగానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరాన్ని నొక్కాలి. వేరే హల్లుతో ముగిస్తే చివరి అక్షరాన్ని. ‘పాడటం’ అనే ‘కాంతార్’ చివర ‘ర్’ ఉంది కాబట్టి గీత లేకుండానే ‘తార్’ మీద నొక్కు పడుతుంది. రూల్ తప్పిన చోట గీత పెడతారు. ఇంగ్లిష్ టీచర్‌గా నాకు కాస్త అసూయే. ‘రికార్డ్’ అనే మాట నౌన్ అయితే మొదట నొక్కాలి, వెర్బ్ అయితే చివర. ఇంగ్లిష్‌లో దానికి ఏ గుర్తూ ఉండదు.

నిజానికి పిల్లలు తడబడేది అక్షరాలు విడదీయడం దగ్గర. ‘తినేవాడు’ అంటే కో-మీ-ఆ, మూడు ముక్కలు. ‘తిన్నాడు’ అంటే కో-మ్యో, రెండే. ఇంగ్లిష్ అక్షరాల్లో చూసి దీన్ని కూడా కో-మి-ఓ అని మూడు చేస్తారు. మొదటి టర్మ్ అంతా నేను వెర్బ్ పట్టికలు బట్టీ పట్టించాను, అది నా పొరపాటే. తర్వాత ఒకరోజు బోర్డు మీద తెలుగులో రాశాను: ‘మ’కు యవత్తు ఇచ్చి ‘మ్యో’. ఒకటే అక్షరం! ఒక్క పీరియడ్‌లో తేలిపోయింది. నవ్వకండి, స్పానిష్‌కు మన గుణింతం పనికొచ్చింది. అన్నిచోట్లా కాదు లెండి. ‘నచ్చుతుంది’ అనే మాటను మనం గు-స్తా అని రాస్తాం, వాళ్లు గుస్-తా అని విడదీస్తారు.

మీకు స్పానిష్ రావాల్సిన పనిలేదు. పిల్లలు పైకి చదువుతుంటే ఒక్కో ముక్కకు బల్ల మీద తట్టమనండి, నొక్కాల్సిన చోట గట్టిగా. ఫోన్‌లో టైప్ చేస్తే ఆ అచ్చు కీని నొక్కి పట్టుకోమనండి, గీత ఉన్న అక్షరం వస్తుంది. పెద్ద అక్షరాలకు గీత అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మవద్దు, వాటికీ కావాలి.

అర మార్కు మాత్రం వెనక్కి ఇవ్వలేనమ్మా. వచ్చే టెస్టులో సగం మార్కులు నోటితో చెప్పేవాటికే పెడుతున్నాను. పాపను పైకి చదివించి పంపండి.