గాజును కరిగించడం తేలికే, చల్లార్చడమే విద్య

గాజు పలకలను కొలిమిలో అతికించి, వంచి పళ్లేలు, దీపాల కవచాలు, గోడ అలంకరణలు తయారుచేసే చిన్న స్టూడియో పెట్టాలనుకునేవారు సాధారణంగా రెండు ప్రశ్నలతో మొదలుపెడతారు. ఈ కొలిమి ఎన్ని డిగ్రీల దాకా వేడెక్కుతుంది? లోపల ఎంత పెద్ద పలక పడుతుంది? రెండూ అవసరమైనవే. కానీ ఆ స్టూడియో నిలదొక్కుకుంటుందా లేదా అన్నది మూడో ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. వేడెక్కిన ఈ కొలిమి ఎంత నిదానంగా, ఎంత కచ్చితంగా చల్లారుతుంది?

ఆ మూడో ప్రశ్నకు దక్కాల్సినంత ప్రాధాన్యం దక్కడం లేదన్నది నా అభిప్రాయం. కొలిమి పరిమాణం మీద పెట్టే డబ్బులో కొంత నియంత్రణ మీద, రంగుల మీద పెట్టే శ్రద్ధలో కొంత చల్లార్చడం మీద పెడితే చాలా పగుళ్లు తప్పుతాయి. దీని వెనుక ఉన్న విజ్ఞానం హైస్కూలు భౌతికశాస్త్రాన్ని పెద్దగా దాటదు.

కొలిమిలో జరిగేది ఏమిటి?

గాజు అనగానే చాలామందికి గొట్టంతో ఊది సీసాలు చేసే దృశ్యం గుర్తొస్తుంది. ఆ పద్ధతి పుట్టింది క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో, మధ్యధరా సముద్రపు తూర్పు తీరంలో. అచ్చుల్లో, కొలిమిలో గాజును మలిచే పద్ధతులు అంతకంటే పాతవి. నేటి స్టూడియోలో ఈ పని ఇలా సాగుతుంది. చల్లని గాజు పలకలను కోసి, ఒకదానిపై ఒకటి పేర్చి, విద్యుత్ కొలిమిలో పెడతారు. రంగుల స్టూడియో గాజు అయితే సుమారు 620 నుంచి 680 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడి కింద ఉన్న అచ్చులోకి ఒంగుతుంది. 730 నుంచి 770 మధ్య ముక్కలు తమ ఆకారం కోల్పోకుండా అతుక్కుంటాయి. 800 దాటేసరికి రెండు పొరలు కలిసి ఒకే పలక అవుతాయి. కిటికీ గాజుకు ఇవే పనులకు ఇంకొంత ఎక్కువ వేడి కావాలి.

అంటే 900 డిగ్రీలు చేరగల కొలిమి ఈ పనులకు సరిపోతుంది. కుండలు, పింగాణీ కాల్చే 1200 డిగ్రీల కొలిమి అదనపు ఖర్చు మాత్రమే. పైగా అలాంటి కొలిముల్లో హీటింగ్ కాయిల్స్ ఎక్కువగా పక్క గోడల్లో ఉంటాయి. వెడల్పాటి గాజు పలకను అందులో పెడితే అంచులు ముందు వేడెక్కి, మధ్య భాగం వెనకబడుతుంది. ఆ తేడాకే పలక పగలవచ్చు. గాజుకు పై కప్పులో కాయిల్స్ ఉన్న, లోతు తక్కువ ఉన్న కొలిమి మేలు.

పగులు ఎక్కడ పుడుతుంది?

మంచుగడ్డలా గాజు ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడదు. చల్లారేకొద్దీ తేనెలా చిక్కబడుతూ క్రమంగా ఘనరూపంలోకి వస్తుంది. ఆ దారిలో ఒక కీలకమైన మెట్టు ఉంది. అక్కడ గాజు ఆకారం మారనంత గట్టిగా ఉన్నా, లోపలి బిగువును సడలించుకోగలిగేంత మెత్తదనం ఇంకా ఉంటుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గర పలకను కొంతసేపు నిలిపి, తర్వాత నిదానంగా దించడాన్నే ఎనీలింగ్ అంటారు. కిటికీ గాజుకు ఈ మెట్టు సుమారు 540 నుంచి 550 డిగ్రీల దగ్గర ఉంటుంది. స్టూడియోల్లో వాడే రంగు గాజుల్లో చాలా వాటికి 480 నుంచి 515 మధ్య ఉంటుంది.

ఈ మెట్టును తొందరగా దాటిస్తే పలక పైభాగం ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం ఆ తర్వాత కుంచించుకోవాలని చూస్తుంది, గట్టిపడిన పైభాగం దాన్ని కదలనివ్వదు. ఆ పెనుగులాట గాజులో శాశ్వతంగా మిగిలిపోతుంది. కంటికి మాత్రం పలక నున్నగా, నిక్షేపంగా కనిపిస్తుంది. కొనుగోలుదారు ఇంటికి తీసుకెళ్లాక, వేడి కూర వడ్డించినప్పుడో చన్నీళ్ల కింద కడిగినప్పుడో ఫట్టుమంటుంది. ఒక్కోసారి ఎవరూ ముట్టుకోకుండానే, వారాల తర్వాత పగులుతుంది. ఇది చిన్న స్టూడియోకు పళ్లెం ఖరీదుతో పోయే నష్టం కాదు, కొనుగోలుదారు నమ్మకం పోతుంది. చేతికి, కంటికి గాయమైతే నష్టం ఇంకా పెద్దది.

కారు పక్క అద్దాల్లో ఇలాంటి బిగువునే కావాలని, పలకంతా సమానంగా కల్పిస్తారు. అందుకే ఆ టెంపర్డ్ గాజు బలంగా ఉంటుంది, పగిలితే ఒక్కసారిగా చిన్న ముక్కలవుతుంది. దాన్ని కోయబోతే చేతిలోనే చెదిరిపోతుంది. స్టూడియో పళ్లెంలో ఆ సమతూకం ఉండదు, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ.

మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు

కొత్తవారు ఎక్కువగా దెబ్బతినేది మందం దగ్గర. గాజు ఉష్ణవాహకత తక్కువ. లోపలి వేడి బయటికి రావడానికి పట్టే సమయం మందంతో పాటు కాక, మందం వర్గంతో పెరుగుతుంది. రంగు గాజు తయారీదారుల పట్టికలు చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. 12 మిల్లీమీటర్ల పలకను ఎనీలింగ్ మెట్టు దిగువన గంటకు సుమారు 55 డిగ్రీల చొప్పున దించవచ్చు. 25 మిల్లీమీటర్లకు గంటకు 15 డిగ్రీలే. 50 మిల్లీమీటర్లకు గంటకు 4 డిగ్రీలు కూడా దాటకూడదు. సన్నటి పలకకు రాత్రికి రాత్రి అయ్యే పని, మందపాటి దిమ్మెకు చాలా రోజులు పడుతుంది.

ఖగోళశాస్త్ర చరిత్రలో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. అమెరికాలోని పాలోమర్ పర్వతంపై ఉన్న 200 అంగుళాల హేల్ టెలిస్కోపు అద్దపు దిమ్మెను 1934 డిసెంబరులో కార్నింగ్ సంస్థ పోతపోసింది. వేడికి అతి తక్కువగా వ్యాకోచించే పైరెక్స్ గాజు అది. అయినా దాన్ని చల్లార్చడానికి సుమారు 10 నెలలు పట్టింది. మీ పళ్లేనికి అన్ని నెలలు అక్కర్లేదు కానీ, సూత్రం మాత్రం అదే.

వెంట్రుకవాసి తేడా

రెండో ప్రమాదం వేర్వేరు గాజులను కలపడం. స్టూడియో గాజుపై 90, 96 వంటి అంకెలు కనిపిస్తాయి. అది వ్యాకోచ గుణకం. 90 అంటే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారినప్పుడు పొడవులో కోటికి 90 వంతుల మార్పు వస్తుందని అర్థం. 30 సెంటీమీటర్ల పలక 500 డిగ్రీలు చల్లారితే సుమారు 1.35 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. అదే కొలతలో 96 గాజు సుమారు 1.44 మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. తేడా 0.09 మిల్లీమీటర్లు, దాదాపు ఒక వెంట్రుక మందం. అతుక్కుపోయిన రెండు గాజులు పగలడానికి ఆ వెంట్రుకవాసి తేడా చాలు. ఎంత నిదానంగా చల్లార్చినా ఈ లోపం పోదు.

కిటికీ గాజు, రకరకాల సీసాలు, పాత గాజుల ముక్కలు కలిపి కరిగిస్తే అందంగా ఉంటుందని చాలామందికి అనిపిస్తుంది. కానీ ఒక కంపెనీ సీసాకూ మరో కంపెనీ సీసాకూ గుణకం ఒకటేనన్న హామీ లేదు. వాడేసిన గాజుతో పనిచేయాలంటే భద్రమైన నియమం ఒక్కటే: ఒక వస్తువుకు ఒకే పలక, లేదా ఒకే సీసా. గుణకాలు ఒకటైనంత మాత్రాన కూడా సరిపోదు. వేడిలో చిక్కబడే తీరు కూడా కలవాలి.

దీన్ని పరీక్షించే పద్ధతి ఇంట్లో చేయగలిగినంత తేలిక. ఒక పారదర్శకమైన పట్టీపై అనుమానం ఉన్న గాజు తునకలను, వాటితోపాటు ఆ పట్టీ గాజు తునకనే ఒకటి ఉంచి పూర్తిగా అతికించండి, జాగ్రత్తగా ఎనీల్ చేయండి. ఎల్‌సీడీ కంప్యూటర్ తెరపై తెల్లని పేజీ తెరిచి, పోలరైజ్డ్ కళ్లద్దాలను ఆ తెర నల్లగా కనిపించే కోణానికి తిప్పండి. తెరకూ కళ్లద్దాలకూ మధ్య పట్టీని పట్టుకోండి. తునక చుట్టూ కాంతి వలయం మెరిస్తే అక్కడ బిగువు ఉన్నట్టే. పట్టీ గాజు తునక చుట్టూ కూడా మెరిస్తే లోపం ఎనీలింగ్‌లో ఉంది. దాని చుట్టూ చీకటిగానే ఉండి, పక్క తునక చుట్టూ మెరిస్తే ఆ రెండు గాజులకు పొత్తు లేదు. కొత్త గాజు కొన్న ప్రతిసారీ ఈ పరీక్ష చేయడం స్టూడియోకు అలవాటు కావాలి.

డబ్బు దేనిమీద పెట్టాలి?

ముందుగా కంట్రోలర్. వేడెక్కే వేగం, నిలిపే సమయం, చల్లారే వేగం దశలవారీగా నిర్దేశించగలిగేది కావాలి. ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్న కొలిమి ఎంత పెద్దదైనా గాజుకు పనికిరాదు. దానితో పాటు మంచి థర్మోకపుల్. అది చూపేది కొలిమిలోని గాలి ఉష్ణోగ్రతను, గాజు లోపలి ఉష్ణోగ్రతను కాదు. కాబట్టి తయారీదారు చెప్పిన అంకెలను మీ కొలిమికి సరిచూసుకోవాలి. ప్రతి కాల్పుకూ గాజు రకం, మందం, వేగాలు, ఫలితం ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఏడాది తిరిగేసరికి స్టూడియోలో అన్నిటికంటే విలువైన పరికరం అదే అవుతుంది.

మన దేశంలో కరెంటు పోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సిరామిక్ ఫైబర్ కొలిమి తేలికగా, చవకగా ఉంటుంది, కానీ త్వరగా చల్లారుతుంది. తేలికరకం ఇటుకల కొలిమి వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. సరఫరా నమ్మకంగా లేని ఊళ్లో ఇటుకలే మేలని నా సలహా. కంట్రోలర్ కొనేముందు కరెంటు తిరిగొచ్చాక అది ఏం చేస్తుందో అడగండి. ఆగినచోటి నుంచి కొనసాగాలి తప్ప, కార్యక్రమాన్ని మొదటి నుంచి నడిపి గాజును మళ్లీ 800కు తీసుకెళ్లకూడదు. కరెంటు పోయినప్పుడు మూత తెరవవద్దు. వచ్చాక గాజు పగలకపోతే నిదానంగా ఎనీలింగ్ మెట్టుకు తీసుకెళ్లి, కొంతసేపు నిలిపి, మళ్లీ దించండి.

3 కిలోవాట్ల లోపు కొలిమి ఇళ్లలోని 16 ఆంపియర్ల సరఫరాతో నడుస్తుంది. కానీ దానికి ప్రత్యేకమైన లైను, సరైన ఎర్తింగ్ ఉండాలి. కొలిమిలో చేయి పెట్టేముందు కరెంటు పూర్తిగా ఆపాలి. అరలకు పూసే అల్యూమినా, చైనా క్లే పొడి, అచ్చుల్లోని సిలికా ధూళి, ఫైబర్ నూగు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. పొడిగా ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. ఏ లోహాలున్నాయో తెలియని రంగులు వాడిన పళ్లెంలో భోజనం వద్దు. సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది.

అనుభవం చాలదా?

థర్మోకపుల్ లేని రోజుల్లో మన పనివాళ్లు గాజు చేయలేదా అని అడగవచ్చు. చేశారు, అద్భుతంగా చేశారు. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేట కళాకారులు కరిగిన గాజును సన్నటి గొట్టాలుగా లాగి పూసలు చేసే విద్యకు పేరుపొందారు. ఫిరోజాబాద్ గాజుల పరిశ్రమ ఉత్తరాదిలో అలాంటి మరో అనుభవ సంపద. కానీ పూస, గాజు రెండూ సన్నవి. సన్నటి గాజు వేడిని త్వరగా వదిలేస్తుంది, చిన్న పొరపాట్లను మన్నిస్తుంది. 12 మిల్లీమీటర్ల పళ్లెం మన్నించదు. ఈ కొత్త వస్తువుల్లోకి రావాలనుకునే సంప్రదాయ కళాకారులకు చేతి నైపుణ్యం ఎవరూ నేర్పనక్కర్లేదు. వారికి అందాల్సింది కొలత.

ఖరీదు మరో అభ్యంతరం. అది న్యాయమైనదే. దానికి పరిష్కారం ప్రతివారూ కొలిమి కొనడం కాదు. పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగ్ కళాశాలల లోహశాస్త్ర, పదార్థశాస్త్ర విభాగాల్లో ఉండే ప్రోగ్రామబుల్ మఫుల్ కొలిములను నామమాత్రపు రుసుముతో చిన్న నమూనాల పరీక్షకు తెరిస్తే, కళాకారులకు కొలత, విద్యార్థులకు సజీవమైన పాఠం దొరుకుతాయి. కోల్‌కతాలోని కేంద్రీయ గాజు, సిరామిక్ పరిశోధన సంస్థ వంటి చోట ఉన్న పరిజ్ఞానం, భారతీయ భాషల్లో ఒక పేజీ ఎనీలింగ్ పట్టికగా ఈ చేతులకు చేరాలి. కళాత్మక గాజు అమ్మేవారు ప్రతి పలకపై వ్యాకోచ గుణకం, ఎనీలింగ్ ఉష్ణోగ్రత ముద్రించాలి. మందుసీసా మీద మోతాదు ఉన్నట్టే ఇదీ ఉండాలి.

ఇవేవీ జరిగేదాకా ఆగనక్కర్లేదు. తదుపరి కాల్పులో మీ పలకను ఎనీలింగ్ మెట్టు దగ్గర తగినంతసేపు నిలపండి, మందాన్ని బట్టి దించండి. కొలిమి గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా మూత తీయకండి.