గోడకు తొడుగుకంటె ముందు కప్పుకు నీడ

సంపాదక మహాశయులకు,

వేసవి తాపమునుండి ఇంటిని కాపాడుటకు వెలుపలి గోడల నన్నింటిని థర్మోకోల్ పలకలతో కప్పి, వానిపై నైలాన్ వలెనుండు మెష్ పరచి, సన్నని పూత పూయు విధానమును మీ పత్రిక గృహనిర్మాణ పుటలో ఒక వ్యాసకర్త మన ప్రాంత గృహస్థులకు నిస్సంకోచముగా సిఫారసు చేసిరి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో చిరకాలముగా కట్టడపు పనులతో సంబంధము కలవాడనగుటచేత, వారి సదుద్దేశమును శంకింపకయే, ఆ సలహా మన ఎండకు, మన వానకు, మనము ఇండ్లు కట్టుకొను తీరునకు ఎంతవరకు పొసగునో విచారింపవలసియున్నదని విన్నవించుకొనుచున్నాను.

ఎండ తీవ్రతను ఎవరును కాదనజాలరు. 2015 మే మాసమున వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలో వేయిమందికి మించి మృతిచెందిరి. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆ తాపమునకు మిక్కిలి గురియైన ప్రాంతములలో ఒకటి. మట్టిగోడ, గూనపెంకు, డంగుసున్నపు పూత గల పాత యిండ్లు పోయి, నాలుగున్నర అంగుళముల గోడమీద అయిదంగుళముల స్లాబు వేసిన యిండ్లు వచ్చిన పిదప, పగలంతయు త్రాగిన వేడిని రాత్రి రెండు జాములవరకు అవి మనమీద క్రుమ్మరించుచునే యున్నవి. కనుక గృహమునకు ఉష్ణనిరోధము వలయునా అను విషయమున వివాదము లేదు. అది ఎచ్చట, ఏ క్రమమున వలయునన్నదే నా వాదము.

ఈ తొడుగు విధానము రెండవ ప్రపంచయుద్ధానంతరము జర్మనీలో రూపుదిద్దుకొన్నది. అచ్చటి కఠిన శీత దినములలో వెలుపల సున్నకు పది డిగ్రీలు దిగువ, లోపల ఇరువది డిగ్రీలు. అనగా నాలుగు గోడలును అహోరాత్రములు ముప్పది డిగ్రీల భేదమును మోయుచుండును. వారు నాలుగు గోడలను సమముగా కప్పుకొనుట న్యాయమే. మన సూర్యాపేట రమారమి పదునేడు డిగ్రీల ఉత్తర అక్షాంశముమీద నున్నది. మే రెండవ వారమున మధ్యాహ్న సూర్యుడు సరిగా మన నడినెత్తిన నిలుచును. ఆ దినములలో దక్షిణపు గోడమీద ఎండ పడుటయే అరుదు. ఉదయము తూర్పుగోడ, సాయంకాలము పడమటిగోడ ఎండను భరించును. తక్కిన భారమంతయు స్లాబుదే. ఇట్టి స్థితిలో కప్పును యథాతథముగా విడిచి గోడలకు లక్షలు వెచ్చించుట, ధనము ప్రధానమైన చోట గాక అప్రధానమైన చోట ధారవోయుటయే యగును. కేంద్రప్రభుత్వము 2018లో వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ అను గృహ ఇంధన నియమావళి కప్పుగుండ వేడి ప్రసారమునకు ప్రత్యేకముగా ఒక హద్దు నిర్ణయించుటయు ఈ కారణముచేతనే.

ఇక ఆ తొడుగు పనితనమును గూర్చి. ఇది సిమెంటు ప్లాస్టరింగు వంటి పని కాదు. పలక వెనుక అంచులచుట్టు జిగురు తెగకుండ పట్టీవలె పూసి, నడుమ ముద్దలుంచి అతికింపవలెను. కిటికీ మూలలయందు మెష్ ముక్కలు అడ్డముగా వేయవలెను. సజ్జ అడుగున నీటిచుక్క తెగిపడుటకు గాడి తీయవలెను. పలకల పై అంచు పిట్టగోడ కప్పుక్రింద మూసికొనిపోవలెను. వీనిలో ఏ ఒక్కటి తప్పినను నీరు వెనుకకు చేరును. చేరిన నీరు మరల రాదు.

నిరుడు వానలు వెనుకబట్టిన తరువాత కోదాడలో ఒక మిత్రుని యింట దీనిని కన్నులార చూచితిని. ఇల్లు కట్టి యెంతోకాలము కాలేదు; ముదురు బూడిదరంగు ఎలివేషను బాటసారులు నిలిచి చూచునంత అందముగా నున్నది. పడమటి కిటికీ క్రింది మూలనుండి ఏటవాలుగా ఒక బీట దిగియుండెను. వ్రేలితో తట్టగా డొల్ల మ్రోగెను. మేస్త్రీచేత జానెడు ముక్క కోయించి చూడగా, పలక వెనుక జిగురు అయిదు ముద్దలుగా మాత్రమే యున్నది. అంచున పట్టీ లేదు, మూలన అడ్డపు మెష్ లేదు. ముద్దల నడుమనున్న ఖాళీలో ఎఱ్ఱచీమలు గ్రుడ్లతో కాపురముండెను; ఇటుకమీద అరచేతి వెడల్పున తెల్లని ఉప్పు పొంగి, పక్కనున్న బీముపై తుప్పుచార దిగుచుండెను. పని చేసిన మేస్త్రీ చెడ్డ పనివాడు కాడు. ఇటుకపనిలో అతని చేతికి వంక పెట్టలేము. ఈ పని అతనికి ఎవరును నేర్పలేదు, అంతియే. నేర్పవలసిన బాధ్యత సరకు అమ్మినవారిది.

ఆ ముదురురంగును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. సాధారణ గోడపై పడిన ఎండవేడి కొంత ఇటుకలోనికి పోవును. వెనుక థర్మోకోల్ ఉన్నప్పుడు ఆ దారి మూసికొనిపోవుటచేత, కొలది మిల్లీమీటర్ల మందము గల పూత ఒక్కటియే వేడెక్కి, మధ్యాహ్నము మేఘము క్రమ్మి జల్లు పడగానే ఒక్క పెట్టున చల్లబడును. ఈ వ్యాకోచ సంకోచములే బీటలకు మూలము. అందుచేతనే ఇతర దేశములలో ఈ విధానమునకు మిక్కిలి ముదురురంగులను వారించుచున్నారు. మన యంగళ్ళలో ఆ నియమము చెప్పువారిని నేనింతవరకు చూడలేదు.

వ్యాసకర్త ఏమాత్రము స్పృశింపని మరియొక విషయము కలదు. మన ఇండ్లు ఒక్కసారిగా పూర్తియగునవి కావు. క్రింది అంతస్తు కట్టి, పైన స్తంభముల చువ్వలు నిలిపియుంచి, కొడుకు ఉద్యోగములో కుదిరిన పిదపనో, పంట కలిసివచ్చిన పిదపనో పై అంతస్తు లేపుదుము. అంతవరకు తొడుగు పై అంచు ఆకాశమునకు తెరచియుండును. పై పని మొదలైనప్పుడు పరంజా కర్రలకై గోడను తొలుతురు. తరువాత ఏసీకి బ్రాకెట్టు, డిష్షుకు బోల్టు, బట్టల తీగకు కొక్కెము, పండుగ తోరణమునకు మేకు. ఇటుకగోడకు ఇవి లెక్కలోనివి కావు; ఈ తొడుగునకు ప్రతి రంధ్రమును ఒక నీటి ద్వారమే. 2024 ఆగష్టు చివర, సెప్టెంబరు మొదట కోదాడ ప్రాంతమున కురిసిన కుంభవృష్టిని చూచినవారికి, గాలితోకూడిన వాన ఎట్టి సన్నని సందునైనను వెదకి చొచ్చుననుట వేరుగ చెప్పనక్కరలేదు.

ఇది మన పనివారి వెనుకబాటుతనమేయని ఎవరైన అందురేమో. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమునందలి విల్మింగ్టన్ పట్టణమున 1995 ప్రాంతమున ఇట్టి తొడుగు గల క్రొత్త యిండ్లలో కిటికీల అంచులనుండి నీరు దిగి, లోని కొయ్య కుళ్ళిపోయినదని బయటపడి, వ్యాజ్యములు చెలరేగినవి. బ్రిటనులో ప్రభుత్వ పథకముల క్రింద వెలుపలి గోడలకు ఉష్ణనిరోధము తొడిగిన యిండ్లలో 98 శాతమునకు, అనగా ఇరువదిరెండు వేలకు మించిన యిండ్లకు, సవరింపకున్న చెమ్మ, బూజు పట్టగల లోపములున్నవని ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయము 2025 అక్టోబరులో ప్రకటించినది. శిక్షణయు, తనిఖీయు, వారంటీయు కలవని చెప్పుకొను దేశములలోనే ఇట్లయినప్పుడు, ఇవేవియు లేనిచోట దానిని జంకక సిఫారసు చేయుట సాహసమే.

అగ్నిభయమును గూర్చి క్లుప్తముగ. థర్మోకోల్ రమారమి నూరు డిగ్రీల వేడికే మెత్తబడి కుదించుకొనిపోవును. పూత పగిలినచోట నిప్పు తగిలిన మండును. లండనులో 2017 జూన్ 14న 72 మందిని బలిగొన్న గ్రెన్‌ఫెల్ భవనపు తొడుగు ఇదే కాదు. అది పాలిథిలీన్ నింపిన అల్యూమినియము పలక, మన జాతీయ రహదారి వెంట అంగళ్ళకు బిగించుచున్న ఏసీపీ జాతిదే. ఆ విపత్తు తరువాత పద్దెనిమిది మీటర్లకు మించిన నివాస భవనముల వెలుపలి గోడలయందు మండు పదార్థములను ఆ దేశము నిషేధించినది. ఇంటి మీటరు బోర్డును, గ్యాసు బండను వెలుపలి గోడకే ఆనించి యుంచు అలవాటు గల మనము ఇది ఆలోచింపవలదా?

మిర్యాలగూడవారికి వేరొక చిక్కు. ధాన్యపు మిల్లుల ఊకబూడిద గరుకైన టెక్స్చర్ పూతలో నిలిచి, తొలకరికి నల్లని చారలుగా దిగును. కడుగబోయి నీటిధారను గట్టిగా కొట్టిన, పలుచని పూతయే లేచిపోవును.

ఇంతయు వ్రాసి, చేయదగినదేదియో చెప్పకుండుట న్యాయము కాదు. మొదట స్లాబు. దానికి వాటర్ ప్రూఫింగు సరిగా చేసి, తెల్లని పూతయో, తెల్లని పింగాణి పెంకులో పరచినచో గదిలో వేడి తగ్గుట ఆ వేసవిలోనే తెలియును. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో ప్రకటించిన కూల్ రూఫ్ విధానము నివాస గృహములలో 600 గజములు, అంతకు మించిన స్థలములకే దీనిని విధిగా చేసినది. మన పట్టణములలో సామాన్యుని స్థలము నూటయేబది, రెండువందల గజములే కావున, ఆ విధి మనవారిలో పెక్కుమందిని తాకనేలేదు. రెండవది నీడ: తూర్పు పడమరల కిటికీలకు వెడల్పైన సజ్జ, పడమటి గోడకు తీగపందిరియో, చెట్టో, తొమ్మిదంగుళముల ఇటుకయో. క్రొత్తగా కట్టువారు వాస్తుశిల్పి లారీ బేకర్ ప్రచారమునకు తెచ్చిన ర్యాట్ ట్రాప్ బాండ్‌ను విచారింపవచ్చును. ఇటుకలను అంచుమీద నిలిపి నడుమ ఖాళీ విడుచు ఆ కట్టుబడిలో ఇటుకయు ఆదా, గోడలోనే గాలిపొర. గోడకు సున్నపుపూతయు వేయింపవచ్చును; అది మనకు పరాయిది కాదు. సూర్యాపేట జిల్లా ఫణిగిరి త్రవ్వకాలలో వెలువడిన నిలువెత్తు బోధిసత్త్వ ప్రతిమ సున్నపు గారతో చేసినదే. ప్లాస్టరింగునకు ఉప్పు బోరునీరు వాడక, చేసినదానిని వారము పదిదినములైన తడిపినచో గోడ బాధలలో సగము పుట్టనే పుట్టవు.

ఇవియన్నియు చేసిన పిదపను, పగలు రేయి ఏసీ నడుచు ఇంటివారు పడమటి గోడ ఒక్కదానికి తొడుగు వేయింపదలచిన, నాకు అభ్యంతరము లేదు. ఒప్పందమున జిగురు పూయు పద్ధతి, మూలల మెష్, పై అంచు మూత లిఖితముగా నుండవలెను. తుదివిడత సొమ్ము ఒక వానకాలము గడచిన పిదపనే ఈయవలెను.

500 చదరపు మీటర్లలోపు స్థలములలోని చిన్న యిండ్లకు ప్రభుత్వపు ఆన్‌లైన్ విధానము క్రింద యజమాని స్వీయధ్రువీకరణముతోనే అనుమతి లభించుచున్నది. ప్రజలకది సౌకర్యమే, కాని గోడపై ఏమి అతికించుచున్నారో చూచు కన్ను మరి యెచ్చటను లేదు. కావున మూడు పట్టణముల పురపాలక సంఘములకును నాదొక మనవి: వేసవి రాకముందే మేస్త్రీలను పిలిచి ఈ పనియందలి తప్పొప్పులను ఒక గోడమీద చేసి చూపింపుడు, కూల్ రూఫ్ పూతను చిన్న యిండ్లవారికి తక్కువ వెలకు అందింపుడు. వ్యాసకర్తగారికిని, మీకును: రాబోవు సంచికలో ఈ తొడుగు గుణములతోపాటు దోషములనుగూడ ప్రకటింప ప్రార్థన.

ఇట్లు
భవదీయుడు,
ఒక పాఠకుడు,
సూర్యాపేట.